మాంట్‌గమరీలో రెండు సమాధులు

విశాఖకు తిరిగి వచ్చి పది రోజులైంది. బట్టలు ఉతికేశాం, సూట్‌కేసు అటకెక్కింది. బూట్ల కుట్లలో ఇరుక్కున్న పచ్చటి పుప్పొడి మాత్రం ఇంకా వదల్లేదు. ఏప్రిల్‌లో అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ చెట్లు ఊరంతటి మీద పసుపు చల్లినట్టు దాన్ని చల్లుతాయి. అది వదిలేలోపే రాయాలని కూర్చున్నాను.

మా అమ్మాయి అట్లాంటా దగ్గర ఉంటుంది. అక్కడికి వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులకు చూపించే చోట్ల వరుస ఒకటి స్థిరపడిపోయింది: కోకాకోలా మ్యూజియం, చేపల అక్వేరియం, రివర్‌డేల్ గుడి, స్టోన్ మౌంటెన్. అవన్నీ అయ్యాక "ఇంకేమైనా చూస్తారా నాన్నా?" అని అడిగింది. "హ్యాంక్ విలియమ్స్ సమాధి" అన్నాను. పాతకాలపు అమెరికన్ కంట్రీ పాటల గాయకుడు. అమ్మాయి నా ముఖం వైపు చూసింది. అల్లుడు ఫోను తీశాడు.

నాకూ ఆ పేరుకూ సంబంధం ఉంది. విశాఖలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో ఇరవై ఆరేళ్ళు సౌండు పని చేశాను. 1984లోనో 85లోనో ఓడలో పనిచేసే ఒకాయన ఒక క్యాసెట్టు తెచ్చి, నకలు తీసి పెట్టమన్నాడు. అమెరికా పల్లెపాటలు. సన్నటి గొంతు, పాట మధ్యలో విరిగి పైకి లేస్తుంది. దాని వెనకాల స్టీల్ గిటారు జారుతూ ఏడుస్తుంది. మాటలు సగం అర్థం కాలేదు గాని, పాడే మనిషి మైకుకు ఎంత దగ్గరగా నిలబడ్డాడో, ఎక్కడ ఊపిరి తీశాడో మాత్రం తెలిసింది. ఆయనకొక నకలు తీసి ఇచ్చాను, నాకొకటి ఉంచుకున్నాను. ఆ గొంతు గలవాడు 29 ఏళ్ళకే పోయాడని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

ఏప్రిల్ 10, గురువారం. మాంట్‌గమరీ

హ్యాంక్ సమాధి ఉన్న ఈ ఊరు అలబామా రాష్ట్రంలో, అట్లాంటా నుంచి నూట అరవై మైళ్ళు. అల్లుడూ నేనూ ఏడింటికి బయలుదేరి, అక్కడి హ్యాంక్ మ్యూజియం తెరిచే వేళకు చేరాలని లెక్క వేసుకున్నాం. లెక్క సరైనదే, గడియారమే తప్పింది. అలబామా సరిహద్దు దాటగానే కాలం ఒక గంట వెనక్కి పోతుంది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. తలుపులు వేసి ఉన్న వీధిలో ఎనిమిదిన్నరకు నిలబడ్డాం. "దొరికిన గంట కదా మామయ్య గారూ, టిఫిన్ చేద్దాం" అన్నాడు అల్లుడు. అతని సుగుణం అదే, దేనికీ విసుక్కోడు.

టిఫిను గ్రిట్స్. మొక్కజొన్న రవ్వను జావలా ఉడికించి, పైన వెన్న ముద్ద వేసి ఇస్తారు. మా చిన్నప్పుడు జ్వరం వస్తే పెట్టే నూకల జావకు దగ్గరి చుట్టం. అల్లుడు చక్కెర పొట్లం చింపబోతుంటే వడ్డించే ఆవిడ అక్కడే ఆగిపోయింది. అరవై దాటిన మనిషి. అతని చేతిలోని పొట్లం మెల్లగా తీసుకుని, ఉప్పూ మిరియాల పొడీ ముందుకు జరిపి, "మీరు ఉత్తరాది నుంచి వచ్చారా?" అని అడిగింది. ఇండియా అని చెబితే, "అయితే తప్పు మీది కాదులే" అంది. ఇద్దరికీ కలిపి పద్దెనిమిది డాలర్లు అయింది. నాలుగు డాలర్లు బల్ల మీద ఉంచి లేచాం. ఇక్కడ పిల్లలు పెద్దవాళ్ళను "సర్", "మ్యామ్" అనకుండా మాట్లాడరు. పెద్దవాళ్ళు కూడా నన్ను అలాగే పిలిచారు. అట్లాంటాలో నాలుగు వారాలున్నా నాకు ఇంత మర్యాద దక్కలేదు.

మ్యూజియం కామర్స్ వీధిలో ఒక దుకాణమంత ఉంటుంది. 1999లో పెట్టారు. అద్దాల వెనుక కుట్టుపని నిండిన కోట్లు, బూట్లు, టోపీలు, గిటార్లు. గది నడుమ హ్యాంక్ చివరి ప్రయాణం చేసిన కారు. 1952 నాటి లేత నీలం కాడిలాక్. వెనుక సీటు ఒక చిన్న మంచమంత ఉంది.

కారు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. కథ చివరి నుంచి మొదలైనట్టయింది. 1952 డిసెంబర్ 30న హ్యాంక్ ఈ కారులో ఈ ఊరి నుంచే బయలుదేరాడు. బండి నడిపింది ఒక కాలేజీ కుర్రాడు. కొత్త సంవత్సరం రోజు ఒహాయోలోని కాంటన్‌లో ప్రదర్శన ఉంది. మంచు కురుస్తోంది. నాక్స్‌విల్‌లో విమానం ఎక్కితే అది వెనక్కి తిరిగి వచ్చింది. మళ్ళీ ఈ కారే గతి అయింది. జనవరి 1 తెల్లవారుజామున వెస్ట్ వర్జీనియాలోని ఓక్ హిల్ దగ్గర, వెనుక సీట్లో పడుకున్న మనిషి చల్లబడిపోయి ఉన్నాడని ఆ కుర్రాడికి తెలిసింది. అప్పటికి అంగళ్ళలో అమ్ముతున్న అతని తాజా పాట, ఈ లోకం నుంచి ప్రాణాలతో బయటపడను అనే అర్థం వచ్చే సరదా పాట. సరదాకే రాశాడు పాపం.

వెన్నెముకలో పుట్టుకతో ఉన్న లోపం, దానివల్ల జీవితమంతా నడుము నొప్పి. నొప్పికి సారాయి, సారాయి చాలనప్పుడు మత్తు మందులు. చివరి రోజుల్లో డిగ్రీ కొనుక్కున్న ఒక దొంగ డాక్టరు వెంట తిరిగేవాడు. పాడినంత బాగా తాగాడు కాబట్టి గొప్పవాడు అన్నట్టు కొందరు అభిమానులు మాట్లాడతారు. నాకు అది నచ్చదు. స్టూడియోలో తాగి వచ్చే గాయకులను చూసిన వాడిని. తాగుడు వల్ల మంచి టేక్ ఒక్కటి కూడా రాలేదు. హ్యాంక్ చివరి రికార్డింగు 1952 సెప్టెంబర్ 23న నాష్‌విల్‌లో జరిగింది. ఆ ఒక్క పూటలో నాలుగు పాటలు పాడాడు, ఒక్క చోట కూడా గొంతు వణకలేదు. ఆ పూట పనిలోకి వచ్చిన మనిషి నాకు కనిపిస్తాడు, సీసా పట్టుకున్న మనిషి కనిపించడు.

మధ్యాహ్నం డెక్స్‌టర్ అవెన్యూలో క్రిస్ హాట్ డాగ్స్. గ్రీసు నుంచి వచ్చిన ఒకాయన 1917లో పెట్టిన అంగడి. హ్యాంక్ తరచూ వచ్చి కూర్చునేవాడట. గొడ్డు మాంసం, పంది మాంసం నేను తినను. లోపల ఏముందని అడిగితే రెండూ ఉన్నాయన్నారు. పైన వేసే కారపు సాసు లోనూ మాంసమే. అల్లుడు రెండు తిన్నాడు. నేను బంగాళదుంప వేపుడు ముందు పెట్టుకుని, ఎత్తు బల్ల మీద కాళ్ళు ఊపుకుంటూ ఆ సాసు వాసన చూస్తూ కూర్చున్నాను. నూరేళ్ళు దాటిన పోపు వాసన, ఏ దేశానిదైనా ముక్కుకు తెలిసిపోతుంది.

అదే వీధి పైకి నడిస్తే మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరుగా పనిచేసిన ఎర్ర ఇటుకల చర్చి. కిందికి దిగి మలుపు తిరిగితే రోజా పార్క్స్ మ్యూజియం. అక్కడ ఒక సంగతి తెలిసి కాసేపు మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఆ మ్యూజియం ఉన్న చోట పూర్వం ఎంపైర్ థియేటర్ ఉండేది. 1937లో ఊరికి కొత్తగా వచ్చిన పద్నాలుగేళ్ళ హ్యాంక్, కరవు కాలపు సర్కారు కూలిపని మీద తాను కట్టిన పాట పాడి, ఆ థియేటర్ పోటీలో పదిహేను డాలర్ల బహుమతి గెలిచాడు. 1955 డిసెంబర్ 1న బస్సులో తెల్లవాళ్ళకు సీటు ఖాళీ చేయనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడను అరెస్టు చేసింది ఆ థియేటర్ ముందే. హ్యాంక్‌కు పాట నేర్పింది ఒక నల్లజాతి వీధి గాయకుడు. ఆ శిష్యుడి గెలుపు చూడటానికి గురువు వచ్చి ఉంటే, తెల్లవాళ్ళ పక్కన కూర్చోనిచ్చే రోజులు కావవి.

ఆ గురువు పేరు రూఫస్ పేన్. జనం పిలిచిన పేరు టీ టాట్.

ఏప్రిల్ 11, శుక్రవారం. సమాధులు

ఓక్‌వుడ్ స్మశానం గుట్ట మీద ఉంది. దారి వెతకనక్కరలేదు, బాణం గుర్తులు పెట్టారు. హ్యాంక్‌దీ మొదటి భార్య ఆడ్రీదీ పక్కపక్కనే రెండు నిలువు పాలరాళ్ళు, మనిషికన్నా ఎత్తు. మేఘాల నుంచి కిందికి దిగే కిరణాలు, పాటల పేర్లు చెక్కారు. కింద పాలరాతి టోపీ ఒకటి, నిజం టోపీని ఎవరో మరిచిపోయి వెళ్ళినట్టు. చుట్టూ ఉన్న గడ్డి ప్లాస్టిక్‌ది. అసలు గడ్డిని అభిమానులు గుర్తుగా పీక్కుని పోతుంటే విసిగి అది పరిచారట. రాయి అంచున చిల్లర నాణేలు, గిటారు మీటే ప్లాస్టిక్ బిళ్ళలు, ఒక చిన్న విస్కీ సీసా. సగం ఖాళీ.

కాస్త దిగువన వరుసగా తెల్ల రాళ్ళు కనిపించాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడపడం నేర్చుకోవడానికి బ్రిటన్ నుంచీ ఫ్రాన్స్ నుంచీ వచ్చి, శిక్షణలోనే చనిపోయిన కుర్రాళ్ళవి. చాలామంది వయసు ఇరవై దగ్గరే. వాళ్ళ దగ్గర సీసాలు, నాణేలు లేవు.

మేమున్న అరగంటలో ముగ్గురు వచ్చి వెళ్ళారు. మోటారు సైకిళ్ళ మీద వచ్చిన భార్యాభర్తలు, ఒంటరిగా వచ్చిన ముసలాయన ఒకరు. ఆ పెద్దాయన టోపీ తీసి, నన్ను చూసి తల ఊపి, "హ్యాంక్ అంత్యక్రియలకు మా నాన్న వచ్చాడు" అన్నాడు. 1953 జనవరి 4న ఇరవై వేల మంది దాకా వచ్చారని అంచనా. హాలు నిండిపోయి జనం వీధుల్లో నిలబడ్డారు. నల్లజాతి గాయకుల బృందం ఒకటి పాడింది. చూడటానికి వచ్చిన నల్లవాళ్ళు మాత్రం బాల్కనీలో కూర్చున్నారు. ఈ చివరి మాట పెద్దాయన చెప్పలేదు. నేనూ ఎత్తలేదు.

రెండో సమాధి దొరకడమే కష్టమైంది. లింకన్ స్మశానం అని టైపు చేస్తే ఫోను మమ్మల్ని మొదట ఒక గోదాముల వీధికి, తరువాత ఒక ఇంటి పెరట్లోకి తీసుకుపోయింది. పెరట్లో కుక్క ఉంది. మూడోసారి పెట్రోలు బంకు దగ్గర ఆగి అడిగాం. కారులో పెట్రోలు పోయించుకుంటున్న నల్లజాతి ఆవిడ "ఎవరున్నారు మీకక్కడ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో తెలియక టీ టాట్ అన్నాను. ఆవిడ నవ్వి, "నా కారు వెనకాల రండి" అని ముందు బయలుదేరింది. తన దారి అటు కాదని మలుపులో వెనక్కి తిరిగినప్పుడు గాని మాకు తెలియలేదు. కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

లింకన్ స్మశానం నల్లవాళ్ళ కోసం 1907లో పెట్టింది. చాలా దశాబ్దాలు పట్టించుకున్నవాళ్ళు లేరు. ఈ మధ్యే స్వచ్ఛంద సేవకులు చేరి పొదలు కొట్టి బాగు చేస్తున్నారు. చాలా సమాధులకు రాయి లేదు, నేల కుంగిన చోట కింద ఎవరో ఉన్నారని తెలుసుకోవాలి. ప్రవేశం దగ్గర రూఫస్ పేన్ పేరిట జ్ఞాపక శిల ఉంది. అది సమాధి మీద పెట్టిన రాయి కాదు. ఆయన 1939 మార్చి 17న ఈ ఊళ్ళోనే ధర్మాసుపత్రిలో పోయాడు. ఈ స్మశానంలోనే పూడ్చారు. ఎక్కడ అన్నది ఎవరికీ తెలియదు.

అల్లుడు చెట్ల మధ్య కుంగిన చోట్లు తప్పించుకుంటూ నడిచాడు. నేను శిల దగ్గరే నిలబడ్డాను. జేబులో పొద్దున మిగిలిన రెండు పావలా డాలర్ నాణేలు ఉన్నాయి. పెట్టబోయి మానుకున్నాను. ఆయన బతికినంతకాలం చిల్లర కోసమే పాడాడు, ఇప్పుడు కూడా చిల్లరేనా అనిపించింది. తరువాత మళ్ళీ పెట్టాను. నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి?

రూఫస్ పేన్ గొంతు ఎక్కడా లేదు. ఒక్క రికార్డు లేదు. హ్యాంక్ పేరు పెరిగాక, తన సంగీత శిక్షణ అంతా టీ టాట్ దగ్గరే అని బాహాటంగా చెప్పాడు. ఊరికి తిరిగి వచ్చినప్పుడు ఆయన కోసం వెతికించాడనీ, అప్పటికే పోయాడని తెలిసిందనీ చెబుతారు. చెప్పడం వరకు మంచిదే. వినడానికి మాత్రం శిష్యుడి గొంతే ఉంది. స్టీల్ గిటారు తీసేసి వింటే అడుగున ఒక నడక ఉంటుంది, నల్లవాళ్ళ బ్లూస్ పాటల నడక. గురువు గారిది ఎంతో, శిష్యుడు కలిపింది ఎంతో విడదీయగల యంత్రం ఏ స్టూడియోలోనూ లేదు.

ఆ రాత్రి హోటల్ గదిలో అల్లుడికి ఒక సంగతి చెప్పాను. అమ్మాయికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. మా స్టూడియోకు క్యాసెట్లు బాగా అమ్ముడుపోయే జానపద గాయకుడు ఒకాయన వస్తుండేవాడు. ఒకసారి తన గురువును వెంటబెట్టుకుని వచ్చాడు. జముకుల కథ చెప్పే ముసలాయన, అనకాపల్లి వైపు పల్లె. ముందటి రెండు పళ్ళు లేవు. జముకు తీగ లాగి ఒక్క మాట అనగానే నా మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. నలభై నిమిషాలు చెప్పాడు. ఒకే టేక్. డబ్బు తీసుకోలేదు, రెండు చుట్టలు తీసుకున్నాడు. వారం తరువాత ఒక అగరుబత్తి ప్రకటనకు టేపు కావలసి వచ్చింది. కొత్త స్పూలు ఖరీదు. "ముసలాయనది అమ్ముడుపోదు, దాని మీద చేసెయ్" అన్నారు. చేసేశాను. ఆయన పేరు టేపు డబ్బా మీద రాసి ఉండేది. దాని మీద అగరుబత్తి పేరు అంటించాను. పేరు ఇప్పుడు నాకు గుర్తు లేదు.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ప్రకటన నలభై నిమిషాలు ఉండదు కదా మామయ్య గారూ" అన్నాడు.

ఏప్రిల్ 12, శనివారం. జార్జియానా

హ్యాంక్ చిన్నతనం గడిచిన ఊరు. ఇంటర్‌స్టేట్ 65 మీద దక్షిణంగా అరవై మైళ్ళు. ఈ ముక్కకు హ్యాంక్ పేరే పెట్టారు. రెండు పక్కలా పైన్ చెట్లు, దుంగల లారీలు. హ్యాంక్ తండ్రి లాన్ కలప కంపెనీ రైలు మీద పనిచేసేవాడు. అడవి ఇంకా పనిలోనే ఉంది.

జార్జియానాలో దిగే ముందు రోడ్డు పక్కన గుడారం, పొయ్యి మీద కుండ, అట్టముక్క మీద చేత్తో రాసిన బోర్డు: ఉడకబెట్టిన వేరుశనగ కాయలు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆరు డాలర్లకు ఒక పెద్ద పొట్లం. ఉప్పు నీళ్ళలో గంటల తరబడి ఉడికి తొక్కతో సహా మెత్తబడ్డాయి. మన దగ్గర పచ్చి కాయలు ఉడికిస్తే పలుకు కాస్త గట్టిగా మిగులుతుంది. వీళ్ళవి చిక్కుడు గింజల్లా నలుగుతాయి. మొదటి నాలుగూ నచ్చలేదు, ఆ తరువాత ఆపలేకపోయాను. అమ్మే ఆయనకు మా దేశంలోనూ ఇలాగే తింటారని చెబితే నమ్మలేదు. దక్షిణాది వాళ్ళదే ఈ తెలివి అని ఆయన నమ్మకం. నేనూ దక్షిణాది వాణ్ణే అన్నాను.

వేరుశనగకు ఈ కథలో చోటుంది. తండ్రి 1930లో మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరి ఏళ్ళ తరబడి ఇంటికి రాలేదు. తల్లి లిల్లీ కుట్టుపనో అద్దె గదులో ఏదో ఒకటి చేసి నెట్టుకొచ్చింది. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు ఈ వీధుల్లో వేరుశనగ పొట్లాలు అమ్మాడు, బూట్లు తుడిచాడు. అలా తిరుగుతూనే గిటారు వాయించే నల్లాయనను చూసి వెంటపడ్డాడు.

రోజ్ వీధిలో వాళ్ళు ఉన్న ఇల్లు చెక్కతో కట్టింది, చుట్టూ వరండా. అంతకుముందున్న ఇల్లు కాలిపోతే ఒక దయగల పెద్దమనిషి దీన్ని అద్దె లేకుండా ఇచ్చాడు. నేలకు ఎత్తుగా దిమ్మెల మీద నిలబెట్టిన ఇల్లు. ఆ కింది చోటులో చేరి పిల్లవాడు సాధన చేసేవాడట. నేను వంగి దూరాను. చల్లటి మట్టి, తలపైన చెక్క పలకలు. చప్పట్లు కొట్టి చూశాను. పాత అలవాటు, ఏ గదిలోకి వెళ్ళినా ఒకసారి కొడతాను. మోత లేదు, మట్టి శబ్దాన్ని మింగేస్తుంది. తన గొంతు తనకు ఉన్నది ఉన్నట్టు వినిపించే చోటు. లక్షలు పోసి మేము స్టూడియో గోడలకు గుడ్డలు అంటించుకున్నది ఇందుకే.

బయటికి వస్తుంటే రైలు వచ్చింది. పట్టాలు ఇంటికి అంత దగ్గర. గూడ్సు బండి, లెక్కపెడుతూ ఎనభై దగ్గర వదిలేశాను. అతని పాటల్లో అన్నిసార్లు రైలు కూత ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. టీ టాట్ కూడా ఇరవై మైళ్ళ లోపున ఉన్న గ్రీన్‌విల్ నుంచి ఈ రైలు మీదే వచ్చేవాడట.

లోపల చూపించే ఆవిడ గిటారు కథ చెప్పింది. తల్లి మూడున్నర డాలర్లకు కొనిచ్చిందని ఒక లెక్క. పాటగాడికి పేరు వచ్చాక ఆ మొదటి గిటారు కొనిచ్చింది నేనే అన్నవాళ్ళు ఊళ్ళో చాలామంది తేలారు. టీ టాట్‌కు చిల్లర డబ్బులో, లిల్లీ పెట్టే భోజనమో ముట్టేది. ఆయన నేర్పింది తీగల మీద వేళ్ళు పెట్టడం ఒక్కటే కాదు, దారిన పోయే వాణ్ణి నిలబెట్టడం కూడా. సారాయి కలిపిన టీ వెంట ఉంచుకునేవాడు కాబట్టి, మందు ముట్టని వాణ్ణి పిలిచే "టీటోటలర్" అనే మాటతో వెటకారంగా ఆ పేరు పెట్టారని అంటారు. "మంచి గురువే, అన్నీ నేర్పాడు" అన్నాడు అల్లుడు నాకు మాత్రమే వినపడేలా.

భోజనం గ్రీన్‌విల్‌లో. ఒక మాంసం, మూడు కూరలు ఎంచుకునే పద్ధతి. క్యాట్‌ఫిష్ వేపుడు, బెండకాయ వేపుడు, బటర్ బీన్స్, కొల్లార్డ్ ఆకుకూర. ఆకుకూరలో పంది ముక్క వేస్తామని ఆవిడే ముందుగా చెప్పి, దాని బదులు చిలగడదుంప పెట్టింది. బెండకాయకు మొక్కజొన్న పిండి పట్టించి వేయించారు, కరకరలాడింది. ఈ కాయ ఆఫ్రికా నుంచి బానిసలతో పాటు ఈ దేశం చేరింది. తీపి టీ మాత్రం రెండో గుక్క మింగలేకపోయాను, పాకం. మనిషికి పద్నాలుగు డాలర్లు. లేస్తుంటే పక్క బల్ల వాళ్ళు ఏ చర్చికి వెళ్తారని అడిగారు. సింహాచలం అన్నాను. దూరమా అంటే దూరమే అన్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం. నాష్‌విల్

రాత్రంతా ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు. వాన పడింది.

రైమన్ ఆడిటోరియం 1892లో ప్రార్థనా మందిరంగా కట్టింది. ఇప్పటికీ కుర్చీలు ఉండవు, చర్చి బల్లలే. గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కచేరీ 1943 నుంచి 1974 దాకా ఇక్కడి నుంచే ప్రసారమైంది. 1949 జూన్ 11న ఈ వేదిక మీద హ్యాంక్ "లవ్‌సిక్ బ్లూస్" పాడితే జనం ఆరుసార్లు మళ్ళీ పాడించారని చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే అంత పేరు తెచ్చిన ఆ పాట అతను రాసింది కాదు, 1920ల నాటి పాత నాటక రంగపు పాట. పదహారు వారాలు కంట్రీ పాటల్లో మొదటి స్థానంలో నిలిచింది. మూడేళ్ళు తిరగ్గానే, 1952 ఆగస్టులో, తాగి ప్రదర్శనలు ఎగ్గొడుతున్నాడని ఇదే ఆప్రీ అతన్ని తీసేసింది. 2010లో పులిట్జర్ బహుమతుల వాళ్ళు ప్రత్యేక గౌరవం ఇచ్చారు. సంగీత లిపి చదవడం రాని మనిషికి, పోయిన యాభై ఏడేళ్ళకు. టిక్కెట్టు మనిషికి ముప్ఫై డాలర్లు దాటింది. వేదిక మీద నిలబెట్టి ఫొటో తీస్తామన్నారు. వద్దన్నాను. హాల్లో చప్పట్లు మాత్రం కొట్టాను. లోపల చెక్క బల్లలు, మాట గుండ్రంగా తిరిగి వస్తుంది.

బయట బ్రాడ్‌వే వీధి వేరే లోకం. ప్రతి గుమ్మంలోంచి ఒక బ్యాండు, ఒకదాని మీద ఒకటి. పెళ్ళికి ముందు సంబరాలు చేసుకునే అమ్మాయిలు గులాబీ రంగు టోపీలతో బండ్ల మీద అరుస్తూ పోతున్నారు. సౌండు మనిషికి నరకం. ఒక చోట మాత్రం మధ్యాహ్నం వేళ ఖాళీగా ఉంటే కూర్చున్నాం. పాడే కుర్రాడి ముందు బకెట్టు, దానికి డబ్బు పంపే ఫోను గుర్తు అంటించి ఉంది. అయిదు డాలర్లు వేసి హ్యాంక్ పాట అడిగాను. "ఏ హ్యాంక్?" అన్నాడు. కొడుకు కూడా పెద్ద గాయకుడే కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. తండ్రిది అన్నాక కళ్ళు మూసుకుని పాడాడు. గొంతు విరగవలసిన చోట విరిచాడు. ఇంకో అయిదు వేశాను.

నాష్‌విల్‌లో నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటి. 1951లో ఒక పిండి కంపెనీ సొమ్ముతో హ్యాంక్ ఇక్కడి డబ్ల్యూఎస్ఎం రేడియోలో పొద్దున్నే పావుగంట పాడేవాడు. కచేరీలకు ఊళ్ళు తిరిగే రోజుల కోసం కొన్ని ముందే డిస్కుల మీద రికార్డు చేసి పెట్టేవారు. పాటలు, కబుర్లు, పిండి ప్రకటనలు అన్నీ. తరువాత ఎప్పుడో ఆఫీసు మారేటప్పుడు ఆ డిస్కులను చెత్తలో వేశారు. ఆప్రీ ఫొటోగ్రాఫరు ఒకాయన చూసి ఇంటికి తీసుకుపోయాడు. కోర్టు కేసులయ్యాక 2008 నుంచి అవి జనానికి దొరికాయి. ఒకటి కారులో పెట్టుకుని విన్నాం. హ్యాంక్ పిండి గురించి చెబుతున్నాడు. చాలా మామూలుగా, పొద్దున్నే నిద్ర చాలని గొంతుతో. వెనకాల ఎవరో నవ్వారు. డెబ్బై నాలుగేళ్ళ కిందటి నవ్వు.

అట్లాంటా వెళ్ళేదాకా అల్లుడు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరమూ ఆలోచిస్తున్నది మాత్రం ఒక్కటే. అగరుబత్తి ప్రకటన అరవై సెకన్లు. వేరువేరుగా పది టేకులు తీసుకున్నా పన్నెండు, పదిహేను నిమిషాలు. యంత్రం రికార్డు చేస్తూ పోయినంత మేరే పాతది చెరిగిపోతుంది. ఆపిన చోటి నుంచి పాతది అలాగే ఉంటుంది.

విశాఖలో, ఇంట్లో

స్టూడియో మూసేసినప్పుడు జీతం బాకీ కింద నాకు ముట్టింది ఒక స్పూలు యంత్రం, రెండు పెట్టెల టేపులు. ఇరవై ఏళ్ళుగా మేడ మీద గదిలో ఉన్నాయి. మొన్న దింపాను. మా ఆవిడ దుమ్ముకు తుమ్ముతూ "అమెరికా వెళ్ళి తెచ్చుకున్న జబ్బు ఇదా" అంది. రెండో పెట్టెలో అడుగున అగరుబత్తి చీటీ ఉన్న డబ్బా దొరికింది. చీటీ మూల గోటితో లేపితే కింద నా అక్షరాలే, నీలం సిరా. మొదటి అక్షరం "స" లాగా ఉంది. మిగతాది జిగురుతో పాటు ఊడి వచ్చింది.

టేపు చూడటానికి బాగానే ఉంది, బూజు లేదు. యంత్రం మూత తీస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా చక్రాలకు అంటుకుపోయి ఉంది. స్పిరిట్‌తో రెండు గంటలు తుడిచాను, గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. బెల్టు కొలత రాసి అల్లుడికి పంపాను. అక్కడ ఎవరో పాత యంత్రాల విడిభాగాలు అమ్మేవాళ్ళు దొరికారట. పార్సిలు వచ్చే శుక్రవారానికి చేరుతుందన్నాడు.